ఆత్మహత్యల నివారణకు జాతీయ వ్యూహం అన్నారు కదా, మూడేళ్లు దాటింది, కింద ఏమైనా కదిలిందా?

చాక్‌పీసు_మాస్టారు:

అందరికీ నమస్తే. పల్నాడు వైపు ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను. పోయిన నెల మా ప్రిన్సిపాల్ గారు పిలిచి, "పిల్లల మానసిక ఆరోగ్యం మీద సుప్రీంకోర్టు ఏవో గైడ్‌లైన్స్ ఇచ్చిందట, మనం ఏం చేస్తున్నామో ఒక పేజీ రాసిపెట్టండి, పైనుంచి అడిగితే పంపాలి" అన్నారు. ఒక్క పేజీయే కదా అని కూర్చున్నాను. రాయడానికి ఏమీ లేదని పావుగంటలో తెలిసిపోయింది.

సరే, అసలు దేశం మొత్తానికి ఏమనుకున్నారో చూద్దామని 2022 నవంబరు 21న కేంద్ర ఆరోగ్యశాఖ విడుదల చేసిన జాతీయ ఆత్మహత్యల నివారణ వ్యూహం డౌన్‌లోడ్ చేసుకుని రెండు రాత్రులు కూర్చుని చదివాను. చదవడానికి బాగానే ఉంది, అబద్ధం ఎందుకు. 2030 నాటికి ఆత్మహత్య మరణాలు 10 శాతం తగ్గాలి. మూడేళ్లలో లెక్కలు సరిగ్గా సేకరించే ఏర్పాటు ఉండాలి, ఐదేళ్లలో ప్రతి జిల్లాలో ఈ సేవలు ఇచ్చే సైకియాట్రీ ఓపీ నడవాలి, ఎనిమిదేళ్లలో అన్ని విద్యాసంస్థల్లో మానసిక ఆరోగ్యం పాఠంగా రావాలి. మొదటి గడువు 2025 నవంబరుతోనే అయిపోయింది.

మా కాలేజీలో ఈ వ్యూహం తాలూకు గుర్తు ఏదైనా ఉందంటే అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 స్టిక్కర్ ఒక్కటే. అది కూడా నోటీసు బోర్డు మీద స్కాలర్‌షిప్ కాగితం కింద సగం కప్పబడి ఉంది, "144" వరకే కనిపిస్తోంది. కాగితం తీసి పక్కన పెడుతుంటే సెకండియర్ అమ్మాయి ఒకతి వెనకనుంచి, "సార్, ఈ నంబరుకి ఫోన్ చేస్తే ఇంట్లో తెలుస్తుందా?" అని అడిగింది. తెలియదమ్మా, కనుక్కుని చెప్తానన్నాను. అసలు ఎందుకడుగుతోందో కూడా అడగాలని రెండు నిమిషాల తర్వాత వెలిగింది, అప్పటికి బెల్ కొట్టేశారు. మర్నాడు పిలిచి మాట్లాడాను, కొంచెం పర్లేదు, ఆ సంగతి ఇక్కడొద్దు.

నా ప్రశ్న సూటిగా ఇది. వ్యూహంలో నిజంగా జరిగినవేంటి, కాగితం మీద ఉండిపోయినవేంటి? ఆస్పత్రుల్లో, పోలీసుల్లో, పేపర్లలో పనిచేసేవాళ్లు ఎవరైనా ఉంటే మీకు కనిపిస్తున్నది రాయండి. ఒక్క మనవి, ఎవరు ఎలా పోయారన్న వివరాలు మాత్రం వద్దు, చదివేవాళ్లలో ఎవరు ఏ పరిస్థితిలో ఉన్నారో మనకు తెలియదు.

జిల్లా_డెస్క్:

మాస్టారూ, పదహారేళ్లుగా జిల్లా పేజీలు చూస్తున్నాను కాబట్టి లెక్కల సంగతి నేను చెప్తాను.

మన దేశంలో ఈ లెక్కలు వచ్చేది ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర గణాంకాల సంస్థ) నుంచి, అంటే పోలీసుల నుంచి. 2020లో 1,53,052 మంది. 2021లో 1,64,033. 2022లో 1,70,924. 2023లో 1,71,418. లక్ష జనాభాకు చూస్తే 2020లో 11.3 ఉన్నది 2022లో 12.4 అయ్యింది, 2023లో 12.3. పది శాతం తగ్గడం అంటే 2020తో పోల్చుకుంటే 10.2 దగ్గరికి రావాలి. మనం ఎదురు దిక్కుకి నడిచి అక్కడ నిలబడ్డాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2030 నాటికి మూడో వంతు తగ్గించాలంటోంది, మనవాళ్లు పదో వంతు చాలనుకున్నారు, అదీ ఇలా ఉంది.

కానీ దీన్ని బట్టే వ్యూహం ఫెయిలయిందని నేను అనను, ఎందుకంటే ఆ అంకె ఎలా పుడుతుందో నాకు తెలుసు. స్టేషన్లో అనుమానాస్పద మృతి కింద కేసు కడతారు (పాత సీఆర్‌పీసీలో సెక్షన్ 174, ఇప్పుడు కొత్త చట్టంలో 194). ఇంట్లోవాళ్లు ఏడుస్తూ ఉంటారు, పెళ్లి కావాల్సిన చెల్లెలు ఉంటుంది, పరువు ఉంటుంది. రైటర్ కారణం అడుగుతాడు. ఎవరో ఒకరు "కడుపునొప్పి" అంటారు. మర్నాడు మేం కూడా "కడుపునొప్పి తాళలేక" అనే రాస్తాం. నేను చేరిన కొత్తలో మా సీనియర్ ఒకాయన నవ్వుతూ, "మన జిల్లాలో ఇంతమందికి కడుపునొప్పి ఉంటే పెట్టాల్సింది గ్యాస్ట్రో ఆస్పత్రి రా" అన్నాడు. 2022 లెక్కల్లో అనారోగ్యం వల్ల అన్నది 18.4 శాతం, కుటుంబ సమస్యలు 31.7 శాతం. ఆ అనారోగ్యంలో ఎంత నిజం కడుపునొప్పో, ఎంత అప్పో, ఎంత డిప్రెషనో ఎవరు విడదీస్తారు? ఇంకా చాలా మరణాలు ప్రమాదం కిందే పోతాయి.

మూడేళ్లలో గట్టి లెక్క అన్నారే, దానికి కావాల్సింది ఆస్పత్రుల నుంచి వచ్చే లెక్క. ప్రయత్నం చేసి బతికినవాళ్ల వివరం. పోలీసు పుస్తకంలో అది ఉండదు. ఉన్న పుస్తకం కూడా 2023ది 2025 సెప్టెంబరు చివర్లో బయటికొచ్చింది. దాదాపు రెండేళ్ల పాత జ్వరం చీటీ చూసి ఈరోజు మందు రాయమంటే ఏ డాక్టరు రాస్తాడు?

ఇంకొకటి, మా తప్పు కూడా చెప్పుకోవాలి. ప్రెస్ కౌన్సిల్ 2019లోనే ఆత్మహత్యల వార్తలు ఎలా రాయాలో గైడ్‌లైన్స్ ఇచ్చింది, పద్ధతి రాయొద్దు, ఫొటో వద్దు, మొదటి పేజీలో ఎత్తి చూపొద్దు అని. మా తెలుగు డెస్కుల్లో ఇప్పటికీ "ఆత్మహత్యకు పాల్పడ్డాడు" అనే రాస్తున్నారు. దొంగతనానికి పాల్పడ్డాడు, మోసానికి పాల్పడ్డాడు, అదే వరస. "ప్రాణం తీసుకున్నాడు" అని నాలుగేళ్లుగా మారుస్తున్నాను, సబ్ ఎడిటర్లు మళ్లీ తిప్పి పెడుతున్నారు, అలవాటు.

కౌలు_కాగితం:

జిల్లా డెస్క్ అన్న లెక్కల గురించి చెప్పిండు కాబట్టి నేను రైతు లెక్క చెప్తా, మాది వరంగల్ పక్క. మా నాయన కౌలుకు పత్తి పెడతడు.

రైతు చనిపోతే ఎక్స్‌గ్రేషియాకి 2004లో జీవో 421 వచ్చింది, తెలంగాణ వచ్చినంక 2015లో జీవో 194తో 6 లక్షలు చేసిన్రు. దానికి త్రిసభ్య కమిటీ వచ్చి విచారించాలె. పట్టా కాగితం ఉన్నదా, బ్యాంకు అప్పు ఉన్నదా, అదే మొదట చూస్తరు. కౌలు రైతుకు కాగితమే ఉండదు, అప్పు బ్యాంకులో కాదు, పురుగుమందుల షాపాయన దగ్గర ఉంటది. ఇగ 2018 ఆగస్టులో రైతు బీమా వచ్చింది, ఏ కారణంతో పోయినా 5 లక్షలు, అది మంచిదే, చానా ఇండ్లు నిలబెట్టింది. కానీ ఏ కారణమైనా డబ్బులొస్తయి కాబట్టి ఎందుకు పోయిండని అడిగేటోడు కూడా లేకుండా పోయిండు. అదీ పట్టా ఉన్నోళ్లకే. కౌలుదారు రెండు దిక్కులా లెక్కలో లేడు.

వ్యూహం నేను మొత్తం చదవలేదు, పురుగుమందుల గురించి ఉన్నంత వరకు చదివిన. ప్రమాదకరమైనవి దొరకకుండా చేయాలె అని రాసిన్రు. ఇది ఉత్త మాట కాదు. శ్రీలంకలో 1990ల నడుమ లక్షకు 47 మంది దాకా ఉండె. బాగా విషపూరితమైన మందులను ఒక్కొక్కటిగా ఆపుకుంటూ వచ్చిన్రు, ఇరవై ఏండ్లలో 70 శాతం దాకా తగ్గింది, పంట దిగుబడి కూడా పడిపోలేదు. అక్కడి రైతులకు మనకన్నా కష్టాలు తక్కువేం కాదు. మన కేంద్రం 2020లో 27 మందులు ఆపుతమని డ్రాఫ్ట్ ఇచ్చింది, 2023కి వచ్చేసరికి అండ్ల నుంచి పూర్తిగా ఆపింది మూడు. ఆరోగ్యశాఖ ఒక కాగితం రాస్తది, వ్యవసాయశాఖ ఇంకో కాగితం రాస్తది, రెండూ ఒక టేబుల్ మీదికి రావు. నన్నడిగితే వ్యూహం ఆగింది ఇక్కడనే.

గది_నంబర్_3:

నేను ఒక జిల్లా ఆస్పత్రిలో సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌ని, కాంట్రాక్టు. ఏ జిల్లా అని అడక్కండి.

మాస్టారు గారి అమ్మాయి ప్రశ్నతో మొదలుపెడతాను, అదే ముఖ్యం. ఫోన్ చేసినందుకు ఇంటికి ఫోన్ వెళ్లదు, మాట్లాడింది గోప్యంగా ఉంటుంది. కానీ పిల్లలకు అబద్ధం చెప్పకండి, ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే మాత్రం ఎవరో ఒక పెద్దవాళ్లను కలుపుకోక తప్పదు, ఏ కౌన్సెలరైనా అదే చేస్తారు. ఈ మాట ముందే చెప్తే పిల్లలు ఇంకా ఎక్కువ నమ్ముతారు, ఇది నా అనుభవం.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. జరిగినవి చెప్పమంటే మొదట టెలీ మానస్ చెప్తాను. 2022 అక్టోబరు 10న మొదలైంది, వ్యూహం కన్నా నెల ముందే. బెంగళూరు నిమ్హాన్స్ మానసిక ఆరోగ్య సంస్థ దీనికి నోడల్, అన్ని రాష్ట్రాల్లో సెల్స్ ఉన్నాయి, తెలుగుతో సహా 20 భాషల్లో, 24 గంటలు, ఉచితం. కాల్స్ 20 లక్షలు దాటాయి. రెండోది చట్టం. 2017 మానసిక ఆరోగ్య చట్టం సెక్షన్ 115 ప్రకారం ప్రయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదు. 2024 జూలై 1 నుంచి వచ్చిన న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ సెక్షన్ 309 లేదు, ప్రభుత్వ ఉద్యోగి పనికి అడ్డుపడటానికో ఒత్తిడి తేవడానికో చేస్తే మాత్రం సెక్షన్ 226 అని ఒకటి ఉంది. అయినా మా క్యాజువాలిటీలో ఇప్పటికీ మొదటి మాట "సార్, కేసవుతుందా?" అనే. కేసు కాదమ్మా, ఎమ్మెల్సీ (ఆస్పత్రి నుంచి పోలీసులకు వెళ్లే మెడికో లీగల్ నమోదు) రాస్తారు అంతే అని చెప్పేసరికి సగం మందికి నమ్మకం ఉండదు. కేసు భయంతో బయట ఎక్కడో ఆర్‌ఎంపీ దగ్గర రెండు గంటలు పోగొట్టుకుని వచ్చేవాళ్లని చూస్తుంటే కడుపు రగిలిపోతుంది.

జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 767 జిల్లాలకు మంజూరైంది. మంజూరు అన్న మాట గమనించండి. దేశంలో లక్ష మందికి సైకియాట్రిస్టులు 0.75, కనీసం ముగ్గురు ఉండాలంటారు. మాకు సైకియాట్రిస్టు ఉన్నారు, అదృష్టం. ఆవిడ ఓపీ చూడాలి, వికలాంగుల సర్టిఫికెట్లు రాయాలి, కోర్టుకు వెళ్లాలి, పీహెచ్‌సీ డాక్టర్లకు ట్రైనింగ్ ఇవ్వాలి. వ్యూహం పత్రంలో ఎవరు ఏ పని చేయాలో పట్టికలు చక్కగా ఉన్నాయి. ఎవరి జేబులోంచి ఎంత అన్నది లేదు.

ఇక జరగనిది, నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది. బతికినవాళ్లను మళ్లీ ఎవరూ పలకరించట్లేదు.

పోయిన వేసవిలో ఒకాయన వచ్చాడు, తాపీ పని, నలభై లోపు. (అందరూ విద్యార్థులు, రైతులు అంటారు గానీ 2022 లెక్కల్లో 26.4 శాతం రోజుకూలీలే, వాళ్ల మీద టీవీ చర్చ ఎప్పుడైనా చూశారా? 14.8 శాతం గృహిణులు, అది కూడా ఎవరూ మాట్లాడరు.) మూడు రోజులు మెడికల్ వార్డులో ఉన్నాడు. ఒళ్లు బాగుపడింది, డిశ్చార్జి కాగితంలో బీపీ, గ్యాస్ మాత్ర, వారం తర్వాత రమ్మని. ఎందుకు వచ్చాడో దాని గురించి ఒక్క లైను లేదు, ఎందుకంటే మెడికల్ వార్డు నుంచి మా గదికి పంపే పద్ధతే లేదు, డ్యూటీ డాక్టరుకు గుర్తొస్తే పంపుతారు. ఆయన భార్య మందుల కౌంటరు వెతుక్కుంటూ దారి తప్పి మా గదికి వచ్చింది. అలా దొరికాడు. నేను ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టుకున్నాను, సొంతంగా, ఎవరూ పెట్టమనలేదు. పేరు, ఫోన్, ఎప్పుడు మాట్లాడాను, ఏమన్నారు. వారానికోసారి రెండు నెలలు, తర్వాత నెలకోసారి. మాట్లాడేది పెద్ద ఏమీ ఉండదు. పని దొరికిందా, నిద్ర పడుతోందా, తాగుతున్నావా. మొదటి రెండు కాల్స్ "ఆఁ మేడం, బాగానే" అని పెట్టేశాడు. మూడోసారి ఇరవై నిమిషాలు మాట్లాడాడు, మేస్త్రీ ఇవ్వాల్సిన డబ్బుల గురించే మొత్తం. ఇప్పుడు తనే చేస్తాడు, మిస్డ్ కాల్ ఇస్తాడు, నా రీచార్జి అయిపోతోంది.

ఇది నా తెలివి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు ఊళ్లలో చేయించిన అధ్యయనం 2008లో అచ్చయింది, అందులో చెన్నై ఒకటి. ఆస్పత్రికి వచ్చిన 1,867 మందిలో సగం మందికి గంటసేపు మాట్లాడి, తర్వాత ఏడాదిన్నర పాటు అప్పుడప్పుడు ఫోన్ చేయడం, లేదా ఇంటికెళ్లి చూడటం చేశారు. వాళ్లలో తర్వాత ఆత్మహత్యతో పోయినవాళ్లు 0.2 శాతం, మామూలుగా పంపేసినవాళ్లలో 2.2 శాతం. మందు లేదు, మిషన్ లేదు. దీనికి మా జిల్లాకు కావాల్సింది ఇద్దరు మనుషులు, రెండు సిమ్ కార్డులు.

సూటి_మాట:

మేడం మీ పని గొప్పదే, కాదనను. కానీ ఉద్యోగాలు లేవు, అప్పులిచ్చే యాప్‌లు మీద పడి పీక్కుతింటున్నాయి, పంటకి రేటు లేదు. వీటిని వదిలేసి "మనసు విప్పి మాట్లాడండి" అని నంబరు పెడితే సరిపోతుందా? ఇదంతా ప్రభుత్వం చేతులు దులుపుకోవడమే.

గది_నంబర్_3:

సరిపోదు అండి. కానీ అప్పు తీరేదాకా మనిషి ఉండాలి కదా. ఆ రాత్రి గడిపించడం నా పని. అప్పు మాఫీ చేయించడం మీరూ నేనూ కలిసి అడగాల్సింది, దానికి నేను అడ్డం రాను.

రాత్రి_షిఫ్ట్:

నేనెప్పుడూ ఇక్కడ రాయలేదు, చదివి వెళ్లిపోతాను. ఈరోజు రాయాలనిపించింది.

పోయిన ఏడాది నేను 14416కి చేశాను. హైదరాబాద్‌లో ఉంటాను, రాత్రి ఉద్యోగం, రూమ్మేట్లు ఊరెళ్లారు. భాష నొక్కమంది, తెలుగు నొక్కాను. కొంచెంసేపు వెయిటింగ్, పెట్టేద్దామనుకున్నాను కూడా. ఒకావిడ తీసింది. నేను ఏమీ చెప్పలేకపోయాను, ఏడుపొచ్చింది. ఆవిడ "పర్లేదండీ, తొందరేం లేదు, లైన్లోనే ఉన్నాను" అంది. తర్వాత సూటిగానే అడిగింది, చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని. ఎవరూ నన్ను అలా అడగలేదు అప్పటిదాకా. అడిగితే ఆలోచన పుడుతుందంటారు గానీ నాకు మాత్రం గుండెల మీంచి బరువు దించినట్టయింది. అన్నం తిన్నావా, ఇంట్లో ఇంకెవరున్నారు, ఇప్పుడు నీ దగ్గరికి రాగలిగేది ఎవరు అని అడిగి, మా పిన్ని కొడుక్కి నా చేతే ఫోన్ చేయించింది. వాడు కూకట్‌పల్లి నుంచి బండి మీద వచ్చాడు, వస్తూ ఇడ్లీ పట్టుకొచ్చాడు. అర్ధరాత్రి రెండింటికి ఇడ్లీ ఎక్కడ దొరికిందిరా అంటే ఇప్పటికీ చెప్పడు.

తర్వాత డాక్టర్ని చూపించుకున్నాను, మందులు వాడుతున్నాను. మా అమ్మకి చెప్తే మొదట "ఎర్రగడ్డకా?" అంది. అక్కడికి కాదమ్మా, మామూలు క్లినిక్కే అన్నాను. ఇప్పుడు తనే మాత్ర వేసుకున్నావా అని అడుగుతుంది.

మాస్టారూ, మీ అమ్మాయికి చెప్పండి, మా ఇంటికి ఎవరూ ఫోన్ చేయలేదు. నేనే చేశాను.

హాస్టల్_సి_సెక్షన్:

రాత్రి షిఫ్ట్ గారూ, మీరు రాసినందుకు థాంక్స్. ఇడ్లీ తమ్ముడికి నా తరఫున ఒక నమస్కారం.

నేను పదేళ్ల క్రితం ఒక కార్పొరేట్ రెసిడెన్షియల్‌లో ఇంటర్ చదివాను, పేరు అనవసరం. ఏ సెక్షన్, బీ సెక్షన్, సీ సెక్షన్. వీకెండ్ టెస్ట్ మార్కులు ఆదివారం మెస్ గోడ మీద అతికించేవాళ్లు, పైనుంచి కిందికి. మేం కిందనుంచి చదువుకునేవాళ్లం, పేరు తొందరగా దొరుకుతుందని. అప్పుడు నవ్వుకునేవాళ్లం.

మాస్టారు అడిగిన సుప్రీంకోర్టు తీర్పు 2025 జూలై 25ది. అది మన విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన అమ్మాయి కేసులోంచి వచ్చింది, ఆ తండ్రి సీబీఐ విచారణ కావాలని సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. కోర్టు విచారణ సీబీఐకి ఇచ్చి, చట్టం వచ్చేదాకా దేశమంతా పాటించాలని 15 మార్గదర్శకాలు కూడా పెట్టింది. 100 మంది దాటితే ఒక అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలి, అంతకన్నా తక్కువైతే బయటివాళ్లతో ఏర్పాటు చేసుకోవాలి. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడగొట్టడం, అందరి ముందూ అవమానించడం మానాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టల్లో, క్లాసుల్లో పెద్దగా కనిపించాలి, అంటే మాస్టారి స్టిక్కర్ కూడా ఇందులోకే వస్తుంది. కలెక్టర్ అధ్యక్షతన జిల్లా కమిటీ చూడాలి.

నాకు అనిపించేది ఏంటంటే, 2022 వ్యూహం ఎనిమిదేళ్లు గడువు పెట్టుకున్న పనిని కోర్టు వచ్చి ముందుకు లాగింది. లాగాల్సి రావడమే బాధ. 2023లో విద్యార్థులే 13,892 మంది. మార్గదర్శకాలు వచ్చాక మా పెద్దమ్మ మనవడి కాలేజీలో సెక్షన్ల పేర్లు మార్చారట, ఇప్పుడు ఏ, బీ, సీ కాదు, నదుల పేర్లు. ఎవరు ఏ నదిలో ఉన్నారో పిల్లలకు మొదటి రోజే తెలిసిపోయింది.

ఒసాకా_తెలుగోడు:

జపాన్‌లో ఉంటాను, పోలిక కోసం రెండు ముక్కలు. ఇక్కడ 2003లో 34,427 మంది పోయారు. 2006లో దీనికోసమే చట్టం చేశారు, 2016లో సవరించి ప్రతి మున్సిపాలిటీ తన సొంత ప్లాన్ రాసుకోవాల్సిందే అన్నారు. 2019కి 20,169కి వచ్చింది. తర్వాత కోవిడ్‌లో మళ్లీ పెరిగింది, పిల్లల్లో ఇప్పటికీ తగ్గట్లేదు, కాబట్టి ఇదేదో స్వర్గం అనుకోకండి. కానీ లెక్కలు నెలనెలా వస్తాయి, అది మాత్రం నిజం. ఏ ఊళ్లో ఏ వయసువాళ్లలో పెరుగుతోందో ఆ ఊరి ఆఫీసుకు వెంటనే తెలుస్తుంది. జిల్లా డెస్క్ గారు చెప్పిన జ్వరం చీటీ చదివి ఇది రాస్తున్నాను.

జిల్లా_డెస్క్:

నెలనెలా! మాకు ఎస్పీ ఆఫీసు నుంచి ఏడాది చివర ప్రెస్ మీట్‌లో ఒక షీట్ ఇస్తారు, దాంట్లో దొంగతనాలు, రోడ్డు ప్రమాదాలు ఉంటాయి, ఇది ఉండదు. ఈసారి అడుగుతాను.

చాక్‌పీసు_మాస్టారు:

ఇన్ని వస్తాయనుకోలేదు, అందరికీ కృతజ్ఞతలు. రాత్రి షిఫ్ట్ గారూ, మీ పోస్టు ఆ అమ్మాయికి చదివి వినిపించాను, పేరు లేదు కదా అని. ఇడ్లీ దగ్గర నవ్వింది.

నాకు అర్థమైనంత వరకు ఫోన్ లైను కదిలింది, చట్టం కదిలింది, కాలేజీల విషయం కోర్టు కదిలించింది, లెక్కలు, పురుగుమందులు, ఆస్పత్రి నుంచి వెళ్లినవాళ్లను మళ్లీ చూసుకోవడం, ఈ మూడూ ఎక్కడివక్కడే ఉన్నాయి. మా ప్రిన్సిపాల్ గారికి ఇచ్చే పేజీలో ఇదంతా రాయలేను, ఆయన గుండాగిపోతుంది. మాకు మూడొందల మంది పిల్లలున్నారు, రూలు ప్రకారం కౌన్సెలర్ ఉండాలి, పోస్టు లేదు, అడుగుతూ ఒక కాగితం మాత్రం పెట్టాను.

గది నంబర్ 3 మేడం, మీకు ఒక ప్రశ్న. ఇంటర్ ఫలితాలు వచ్చే రోజు మేం ఏం చేయాలి? ప్రతి ఏడూ ఆ రోజు సాయంత్రం నుంచి నాకు ఫోన్ మోగితే భయం. మిగతా లెక్చరర్లకూ అంతే, పైకి చెప్పరు.

గది_నంబర్_3:

ఫలితాల రోజు కాదు సార్, ముందు వారం మొదలుపెట్టండి. ఎవరు తప్పుతారో మీకు దాదాపు తెలుసు. తప్పకపోయినా అనుకున్న మార్కులు రాకపోతే కుంగిపోయే ఫస్ట్ బెంచీ వాళ్లు కూడా మీకు తెలుసు, వాళ్లను మర్చిపోకండి. పది, పదిహేను మంది లిస్టు రాసుకుని మీలో ముగ్గురు పంచుకోండి. ముందే ఇంటికి ఫోన్ చేసి అమ్మానాన్నలతో, "ఫలితం ఏదైనా ఆ రోజు పిల్లాడిని ఒంటరిగా ఉంచకండి, తిట్టేదుంటే వారం తర్వాత తిట్టండి" అని చెప్పండి. నేను ఇదే మాటతో చెప్తాను, నవ్వుతారు గానీ వింటారు. ఇంట్లో పొలం మందులుంటే తాళం వేయమనండి. ఫలితం రాగానే పిల్లలకు మీరే ఫోన్ చేయండి, వాళ్లు చేస్తారని చూడకండి. మొదటి మాట మార్కులు వద్దు.

సప్లిమెంటరీ సంగతి మాత్రం గట్టిగా చెప్పండి. తమిళనాడులో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ 1986లో పెట్టిన స్నేహ అనే సంస్థ పట్టుబట్టి, తప్పినవాళ్లు ఏడాది పోగొట్టుకోకుండా వెంటనే మళ్లీ రాసే ఏర్పాటు తెప్పించింది. మనకూ అది ఉంది, కానీ ఆ గంటలో పిల్లాడికి అది గుర్తుండదు. ఎవరో ఒకరు చెప్పాలి.

ఎవరైనా పోవాలనుంది అన్నట్టు మాట్లాడితే సూటిగా అడగండి, రాత్రి షిఫ్ట్ గారిని అడిగినట్టు. ఒంటరిగా వదలకండి, 14416 మీ ఫోన్ నుంచే కలపండి, పరిస్థితి చేయి దాటుతోందనిపిస్తే 108కి చేయండి, దగ్గర్లోని ఆస్పత్రికి తీసుకెళ్లండి. కేసు భయం వద్దని చెప్పండి.

చాక్‌పీసు_మాస్టారు:

లిస్టు ఈరోజే మొదలుపెట్టాను మేడం, పదకొండు పేర్లు వచ్చాయి. మ్యాథ్స్ మేడం ఇంకో రెండు కలిపారు, అందులో ఒకడు నేను అస్సలు అనుకోని వాడు, క్లాసులో అందరినీ నవ్వించేవాడు. సప్లిమెంటరీ ఫీజు తేదీలు ఒక చిన్న కాగితం మీద వేసి, దాని వెనక 14416 ప్రింట్ చేయించి హాల్ టికెట్‌తో పాటు ఇద్దామనుకుంటున్నాం. జిరాక్స్ షాపతను మూడొందలకి డబ్బులొద్దన్నాడు.

కౌలు_కాగితం:

సార్ ఆ కాగితం ఫొటో ఇక్కడ పెట్టున్రి. మా ఊరి పురుగుమందుల షాపులో అతికించమని అడుగుత. షాపాయన ఒప్పుకుంటడో లేదో చూడాలె, ఆయనకు మేం బాకీ ఉన్నం.